తాళంచెవి పాటకు ఐదు నెలలు: జోనీ మిచెల్ ఆల్బమ్‌ల వెంట ఒక ప్రాజెక్టు డైరీ

మే 30, విశాఖపట్నం

ఇవాళ పని మొదలైంది. పాట నాదే, ఒక్కటే పాట. పేరు ‘తాళంచెవి’. బొబ్బిలిలో అమ్మమ్మ ఇల్లు అమ్మేసిన ఏడాది రాసుకున్నాను. ఇల్లు చేతులు మారింది, వెనక తలుపు తాళంచెవి మాత్రం నా హ్యాండ్‌బ్యాగులో ఉండిపోయింది. అంతే సంగతి. మూడు కార్డులు (కలిపి మీటే స్వరాల గుంపులు), రెండు చరణాలు, పల్లవి నాలుగుసార్లు వస్తుంది. ‘ఇల్లు లేదు, వాకిలి లేదు, తాళంచెవి నా దగ్గరుంది’ అన్నది పల్లవి. ఇంట్లో ఎవరికి వినిపించినా బాగుందన్నారు. నాకు మాత్రం ఈ మధ్య అది పాడుతుంటే పదేళ్ల కిందటి జాకెట్టు తొడుక్కున్నట్టు భుజాల దగ్గర పట్టేస్తోంది. చెప్పాల్సింది ఇంకా ఉంది. పాటలో చోటు లేదు.

పాటలో చోటు ఎలా చేసుకోవాలో ఎవరి దగ్గర చూసి నేర్చుకోవాలా అని ఆలోచిస్తే నాకు తట్టిన పేరు జోనీ మిచెల్. 1943లో కెనడాలోని ఫోర్ట్ మెక్‌లౌడ్‌లో పుట్టి, సస్కటూన్‌లో పెరిగి, అమెరికా వెళ్లి పాటలు కట్టిన మనిషి. 1968 నుంచి 1979 వరకు పన్నెండేళ్లలో పది స్టూడియో ఆల్బమ్‌లు చేసింది. మొదటిదాంట్లో దాదాపు ఆమె గొంతు, ఆమె గిటారే. పదోదాంట్లో జాజ్ ప్రపంచంలో పెద్దవాడైన చార్లెస్ మింగస్ కట్టిన వరసలకి మాటలు రాసి పాడింది. ఈ రెండింటినీ వెంటవెంటనే వింటే ఒకే మనిషి అని నమ్మడం కష్టం. మధ్యలో ఉన్నవి వరసగా వింటే మాత్రం ఎక్కడా గెంతు కనబడదు, ఒక్కో మెట్టూ ఎక్కినట్టే ఉంటుంది.

నేను పెట్టుకున్న నియమం ఇది. ఆమె ఆల్బమ్‌ల దగ్గర వరసగా ఆగుతాను. ఆగిన ప్రతి చోటా ఆమె ఏం చేసిందో చేత్తో చేసి చూస్తాను. తర్వాత ఆ పద్ధతిలో నా తాళంచెవిని మళ్లీ కట్టి రికార్డు చేస్తాను. ఆమె వరస ఒక్కటి కూడా ఎత్తుకోకూడదు.

సరంజామా పెద్దగా లేదు. ఒక అకూస్టిక్ గిటార్, ఒక కండెన్సర్ మైకు, మైకుని లాప్‌టాప్‌కి కలిపే రెండు ఛానెళ్ల ఆడియో ఇంటర్‌ఫేస్, లాప్‌టాప్. పడకగదిలో కిటికీకి పాత బొంత వేలాడదీశాను. ఫ్యాను ఆపాలి కాబట్టి తెల్లవారుజామున ఐదింటి నుంచి ఆరున్నర దాకానే రికార్డింగ్. ఆ తర్వాత ఎండ, చేపలమ్మి కేక, స్కూలు ఆటోలు.

జూన్ 6

మొదటి మెట్టు శ్రుతి. ఇక్కడే వారమంతా గడిచిపోయింది, గడవాల్సిందే కూడా.

తొమ్మిదేళ్ల వయసులో జోనీకి పోలియో వచ్చింది. ఎడమ చెయ్యి బలహీనపడింది. గిటార్ మీద తీగలు నొక్కేది ఎడమ చెయ్యే. మామూలు శ్రుతిలో కొన్ని కార్డులు పట్టుకోవడం ఆ వేళ్లకి అయ్యే పని కాదు. 1960ల మధ్యలో డెట్రాయిట్‌లో ఉన్నప్పుడు ఎరిక్ ఆండర్సన్ అనే తోటి గాయకుడు ఆమెకు ఓపెన్ ట్యూనింగ్ చూపించాడు. తీగల్ని ముందే ఒక కార్డుకి శ్రుతి చేసిపెట్టుకుంటే, నొక్కకుండా మీటినా నిండుగా మోగుతుంది. ఎడమ చెయ్యి ఒకటి రెండు వేళ్లతో పని గడుపుకోవచ్చు. ఆమె అక్కడితో ఆగలేదు. సొంతంగా కొత్త శ్రుతులు కనిపెట్టుకుంటూ పోయింది. అవి యాభై దాటాయి.

వాటిని రాసుకునే పద్ధతి కూడా చాలా సులువు. ముందు కింది తీగ స్వరం పేరు, తర్వాత ఐదు అంకెలు. ఒక్కో అంకె, ఆ తీగని ఎన్నో ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డకమ్మీ) దగ్గర నొక్కితే పక్క తీగ స్వరం వస్తుందో చెబుతుంది. డి-7-5-4-3-5 అని రాస్తే తీగలు డి, ఎ, డి, ఎఫ్ షార్ప్, ఎ, డి అవుతాయి. ‘చెల్సీ మార్నింగ్’, ‘బోత్ సైడ్స్ నౌ’, ‘బిగ్ యెల్లో ట్యాక్సీ’ అన్నీ ఈ కుటుంబంలోవే.

బొబ్బిలి నుంచి పిన్ని వచ్చింది ఈ వారం. అమ్మ చెల్లెలు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసిన వీణ ఉంది ఆమెకి, ఒకే పనస దుంగ నుంచి తొలిచిన ఏకాండి వీణ. ముప్పై ఏళ్లుగా పిల్లలకి నేర్పుతోంది. నేను కొత్త శ్రుతి చేసి ఆరు తీగలూ ఒక్కసారి మీటగానే వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

“ఇదేటే, తంబురా మీటినట్టుంది?”

“గిటారే పిన్నీ. శ్రుతి మార్చాను.”

“సా పా సా గా పా సా కదా ఇది! బాగుంది. కానీ నీ గాంధారం కొంచెం పైకుంది, దించు.”

ట్యూనర్‌లో చూస్తే పచ్చ లైటు, సరిగ్గానే ఉంది. పిన్ని ఒప్పుకోలేదు. మూడో తీగ బిరడా పట్టుకుని వెంట్రుకవాసి తిప్పింది. అప్పటిదాకా నాకు వినబడని సన్నటి వణుకు ఒకటి ఆగిపోయి, ఆరు తీగలూ ఒకే ముద్దగా నిలబడ్డాయి. గిటార్ ట్యూనర్లు స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసి కొలుస్తాయి. ఆ లెక్కలో అంతర గాంధారం సహజంగా పలికే చోటు కంటే కాస్త ఎక్కువలో ఉంటుంది. తంబురా మధ్య పెరిగిన చెవికి అది ముల్లులా గుచ్చుకుంటుంది. ఇన్నేళ్లు గిటార్ వాయిస్తూ ఈ సంగతి నేను పుస్తకంలో చదివానే గాని చెవితో పట్టలేదు.

జూన్ 15

మొదటి టేకులు అయ్యాయి. ఆధారం: ‘సాంగ్ టు ఎ సీగల్’, 1968. గాయకుడు డేవిడ్ క్రాస్బీ నిర్మాత. గొంతు పైపైన తేలుతూ, మంచి అమ్మాయిలా, ప్రతి మాటా స్పష్టంగా పలుకుతుంది. ఆ ఆల్బమ్‌లో చివరి పాట పేరు ‘క్యాక్టస్ ట్రీ’. ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి, సెప్టెంబరులో దీనితో పని ఉంది.

నా పాట ఓపెన్ డిలోకి, అంటే ఆ డి-7-5-4-3-5 శ్రుతిలోకి తెస్తే మూడు కార్డులకి ఒక వేలు చాలు. మిగతా వేళ్లు ఖాళీ. ఖాళీ వేళ్లు ఊరుకోవు కదా, మధ్యలో చిన్న స్వరాలు కలుపుతాయి. పల్లవి చివర నా చిటికెన వేలు తనంతట తానే రెండో తీగ మీదకి వెళ్లి ధైవతం మీటింది. ఆ స్వరం పాటలో అంతకుముందు లేదు. ‘నా దగ్గరుంది’ అన్న చోట కాస్త అనుమానం చేరింది, నిజంగా ఉందా అన్నట్టు. తొమ్మిదో టేకు ఉంచుకున్నాను.

జూలై 4

‘బ్లూ’, 1971. ఈ ఆల్బమ్ గురించి అందరూ ఆమె ఎంత బయటపడి పాడిందో చెబుతారు. నేను ఈసారి చేతుల వైపు చూశాను. పది పాటల్లో నాలుగు ‘ఆల్ ఐ వాంట్’, ‘కేరీ’, ‘క్యాలిఫోర్నియా’, ‘ఎ కేస్ ఆఫ్ యూ’ డల్సిమర్ మీద కట్టినవి. అది అమెరికాలో అపలాచియా కొండల జానపద వాద్యం. ఒళ్లో అడ్డంగా పెట్టుకుంటారు, మూడో నాలుగో తీగలు. పద్ధతిగా ఎలా వాయిస్తారో నేర్చుకోకుండానే ఆమె దాన్ని చేత్తో తట్టుతూ, చరుస్తూ వాయించింది. అప్పటికే గిటార్ మీద పేరున్న మనిషి, తనకి రాని వాద్యం ఒళ్లో పెట్టుకుని అంత నగ్నమైన మాటలు పాడింది. ఆ ఎంపిక నన్ను కదిలించింది. చెయ్యి అలవాటుగా వెళ్లే దారులు లేకపోతే గొంతు కూడా అలవాటు దారిలో వెళ్లదు.

డల్సిమర్ నాకు దొరకదు. గిటార్‌కి మూడు తీగలు తీసేసి, మిగిలిన మూడింటిని సా పా సా చేసి, వెల్లకిలా ఒళ్లో పడుకోబెట్టి వాయించాను. మొదటి రోజు మణికట్టు నొప్పి తప్ప ఏమీ రాలేదు. మూడో రోజు ఒక లయ దొరికింది, బొటనవేలి ఎముకతో తీగల మీద కొట్టి వెంటనే అరచేత్తో మూసేయడం. ‘ఠక్’మని తలుపు గడియ పడ్డట్టు శబ్దం. తాళంచెవి పాటకి ఇంతకంటే ఏం కావాలి!

మైకుని గొంతుకి జానెడు దూరానికి తెచ్చాను. ఊపిరి, నాలుక తడి, అన్నీ పడుతున్నాయి. పాత టేకుల్లో వాటిని కత్తిరించేదాన్ని. ఈసారి ఉంచేశాను.

జూలై 21

తీగలన్నీ కొత్తవి వేయాల్సి వచ్చింది. విశాఖ గాలికి, వానకి రెండు నెలల్లో తుప్పు పట్టాయి.

‘కోర్ట్ అండ్ స్పార్క్’, 1974. ఆమెకి బాగా అమ్ముడైన ఆల్బమ్ ఇది. అందులోని ‘హెల్ప్ మీ’ అమెరికా పాటల బిల్‌బోర్డ్ పట్టికలో 7వ స్థానం దాకా వెళ్లింది. జాజ్ వాద్యకారుడు టామ్ స్కాట్ బృందం ఎల్.ఎ. ఎక్స్‌ప్రెస్ వాయించింది, డ్రమ్స్ జాన్ గెరిన్. మామూలు రాక్ వాద్యకారులకి ఆమె పాటలు కొరుకుడు పడలేదని, జాజ్ వాయించేవాళ్లనే వెతుక్కోమని సలహా వచ్చిందని జోనీ చాలాసార్లు చెప్పింది. ఎందుకు కొరుకుడు పడవో నాకు ఆదివారం తెలిసింది.

తెలిసినవాళ్ల అబ్బాయి కహోన్ తెచ్చాడు. పెట్టె మీద కూర్చుని వాయించేది. క్లిక్ (చెవిలో టకటకమని లయ చూపే శబ్దం) పెట్టుకుని పల్లవి బ్రహ్మాండంగా కుదిరింది. చరణంలోకి వెళ్లగానే తప్పిపోయాడు. మళ్లీ పాడాను, మళ్లీ తప్పిపోయాడు. “అక్కా, మొదటి చరణం ఎనిమిది ఆవర్తాలు, రెండోది తొమ్మిదిన్నర. అర ఎక్కడ్నుంచి వచ్చింది?” అన్నాడు. ఎక్కడ్నుంచో రాలేదు, ఈ రెండు నెలల్లో నేను పాడుతూ పాడుతూ మాటలు కలుపుకున్నాను. ‘కొత్తవాళ్లు తలుపే మార్చేశారట’ అన్నది పాత పాటలో లేదు, ఎప్పుడు వచ్చి చేరిందో నాకే గుర్తులేదు.

జోనీ పాటల్లోనూ జరిగింది ఇదే. మాట పెరిగితే దాన్ని కోసి తాళంలో ఇమడ్చలేదు, తాళాన్నే మాట వెనకాల నడిపించింది. అలా నడవగలిగిన వాద్యకారుల కోసమే జాజ్ వైపు వెళ్లింది. జాజ్ అంటే మోజుపడి పాటల్ని అటు లాక్కెళ్లిందని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. పాటలే ఆమెని అటు లాక్కెళ్లాయి.

ఈ వెర్షన్ పూర్తి చేయలేదు. క్లిక్ మాత్రం ఇక వద్దని నిర్ణయించాను.

ఆగస్టు 10

‘ది హిస్సింగ్ ఆఫ్ సమ్మర్ లాన్స్’, 1975. ఇక్కడ ‘ది జంగిల్ లైన్’ అనే పాట ఉంది. ఆఫ్రికాలోని బురుండి డప్పు వాద్యకారుల రికార్డింగు ఒకటి తీసుకుని దాని మీద మూగ్ సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం, తన గొంతు పెట్టింది. వేరేచోట రికార్డయిన ధ్వనిని ముక్కగా వాడుకోవడం తర్వాతి దశాబ్దాల్లో మామూలైపోయింది, పాప్ పాటలో 1975లో అది కొత్త.

నేను కూడా అలాంటిదే చేద్దామని, మొన్న ఒక జాతరలో ఫోన్‌లో రికార్డు చేసుకున్న తప్పెటగుళ్ల ముక్కని కింద పెట్టి చూశాను. వినడానికి భలే ఉంది, ఒళ్లు జలదరించింది. రెండు రోజులు విన్నాక తీసేశాను. గుండెల మీద తప్పెట కట్టుకుని ఎండలో ఆడిన ఆ మనుషుల్ని నేను అడగలేదు, వాళ్ల పేర్లు నాకు తెలియవు. ‘ది జంగిల్ లైన్’ని నేను ఇప్పటికీ ఇష్టంగానే వింటాను. అయినా ఆ డప్పుల వెనక మనుషులు ఎవరన్న ప్రశ్న పాట ముగిశాక నాకు మిగిలిపోతుంది. నా పాటలో ఆ ప్రశ్న మిగలకూడదు.

సెప్టెంబరు 1

‘హెజీరా’కి వచ్చాను. ప్రాజెక్టు అంతా దీని కోసమే అనిపిస్తోంది.

1976లో ఆమె స్నేహితులతో అమెరికా తూర్పు తీరం దాకా కార్లో వెళ్లి, మెయిన్ రాష్ట్రం నుంచి లాస్ ఏంజెలెస్‌కి ఒంటరిగా డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది. దారిలో రాసిన పాటలే ఈ ఆల్బమ్, అదే ఏడాది నవంబరులో వచ్చింది. పేరు అరబీ ‘హిజ్రా’ నుంచి తీసుకుంది. హైదరాబాద్ వాళ్లకి హిజ్రీ క్యాలెండర్ తెలిసే ఉంటుంది. ప్రవక్త మక్కా విడిచి మదీనా వెళ్లిన ఆ ప్రయాణం పేరే అది.

‘అమీలియా’ శ్రుతి చూసి ఆగిపోయాను. సి-7-5-4-3-5. జూన్‌లో నేను చేసిన డి-7-5-4-3-5కి అంకెలు అవే! మొదటి అక్షరం ఒక్కటే మారింది. ‘చెల్సీ మార్నింగ్’ నాటి గిటార్ ఆకారం ఏడేళ్ల తర్వాత కూడా అదే, మొత్తం ఒక స్వరం కిందికి దిగింది. ఆమె గొంతు కూడా ఏళ్లు గడిచేకొద్దీ దిగుతూ వచ్చింది, శ్రుతులు దానితో పాటే దిగాయి. వేళ్లు ఇంటి దారిలోనే నడుస్తున్నాయి, పాట మాత్రం ఎక్కడికో వెళ్లిపోయింది.

అక్షరం ఒక్కటి మార్చడం రాతలో సులువు. గిటార్ మీద అడుగు తీగ మామూలు కంటే నాలుగు మెట్లు కిందికి రావాలి. పన్నెండు నంబరు తీగల సెట్‌తో చేస్తే తీగ బట్టలారేసే తాడులా వేలాడి ఫ్రెట్ల మీద బరబరమంది. ఇంకాస్త లావు తీగల పదమూడు నంబరు సెట్ వేశాను, గిటార్ మెడ కొంచెం సవరించాల్సి వచ్చింది. అప్పుడు నిలబడింది.

ఇక పాట కట్టుబడి. ‘అమీలియా’లో పల్లవి లేదు. ఏడు చరణాలు. ప్రతి చరణం చివరి పాదం ఒకటే, అందులో 1937లో విమానంతో సహా మాయమైన పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్‌ని పేరు పెట్టి పిలుస్తుంది. వింటూ వింటూ ఒక్కసారిగా తట్టింది, ఇది మకుటం! పద్యం ఎక్కడెక్కడ తిరిగినా చివరికి వచ్చి ఒకరిని పిలిచి ఆగడం. వేమన, సుమతి, దాశరథీ శతకాలు నోటికొచ్చిన మనకి ఈ పద్ధతి ఎవరైనా నేర్పాలా? పల్లవి పాటని మొదటికి తిప్పి తెస్తుంది. మకుటం అలా తేదు, పిలిచి వదిలేస్తుంది, తర్వాతి పద్యం ఎటైనా వెళ్లొచ్చు.

ఏడో చరణంలో ఆమె ఒక మోటెల్‌లో దిగుతుంది. దాని పేరు క్యాక్టస్ ట్రీ. మొదటి ఆల్బమ్ చివరి పాట పేరు. ఎనిమిదేళ్ల కిందటి తనని దారి పక్క బోర్డు మీద రాసి పెట్టుకుంది.

ఆ రాత్రి నా పల్లవిని కొట్టేశాను. ఏడేళ్లు పాడిన పల్లవి, నాలుగుసార్లు వచ్చేది. దాని చోట ఒకే పాదం మిగిలింది, ప్రతి చరణం చివరా వస్తుంది. కొత్త మొదటి చరణం ఇది:

కాంప్లెక్స్‌లో బస్సు కోసం నిలబడి చిల్లర వెతుకుతుంటే వేళ్లకి తగిలింది,
ఎప్పటి తుప్పో, గోటి కింద ఎర్రగా నిలిచింది,
కొత్తవాళ్లు తలుపే మార్చేశారని తెలిసి కూడా పారేయలేదు,
ఇదుగో నీ తాళంచెవి, అమ్మమ్మా.

సెప్టెంబరు 13

శ్రుతి మళ్లీ మార్చాను. ‘అమీలియా’ శ్రుతిలో ఓపెన్ తీగలు మీటితే అంతర గాంధారం స్పష్టంగా పలికి, అంతా బాగానే ఉందని చెప్పేస్తోంది. నా పాటలో అంతా బాగా లేదు. అదే ఆల్బమ్‌లోని ‘కయోటీ’ శ్రుతి పట్టుకున్నాను, సి-7-7-3-7-4. తీగలు సి, జి, డి, ఎఫ్, సి, ఇ. మన భాషలో సా పా రి మా సా గా. ఆరూ కలిపి మీటితే మనసు ఎటూ తేల్చుకోదు. రిషభం, మధ్యమం, గాంధారం ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఎవరు ముందు మాట్లాడతారా అని చూసుకుంటున్నట్టు ఉంటుంది. ఇలా తెగకుండా నిలిచే కార్డులని జోనీ విచారణ చేసే కార్డులని పిలిచేది. ప్రశ్న అడుగుతాయి, జవాబు చెప్పవు.

ఒక తీగ తెగింది ఈ మధ్యలో. రెండో తీగ మామూలు కంటే ఒక మెట్టు పైకి పోవాలి, తెగి ముక్కు మీదకి ఎగిరింది. శ్రుతి పెంచేటప్పుడు మొహం పక్కకి పెట్టుకోవాలి.

సెప్టెంబరు 28

బేస్ గురించి, అంటే మంద్రంలో పలికే గిటార్ గురించి.

‘హెజీరా’లో తొమ్మిది పాటలు. వాటిలో నాలుగింటికి జాకో పాస్టోరియస్ బేస్ వాయించాడు. అప్పటికి అతనికి 24 ఏళ్లు. అతని బేస్‌కి ఫ్రెట్లు లేవు. పాట కింద మెత్తగా పడుకుని ఉండే బేస్ కాదది, లేచి వచ్చి ఆమె మాటకి మాట కలుపుతుంది. ఆమె ఒక పాదం పాడి ఊపిరి తీసుకునే సందులో కింది నుంచి ఒక జారుడు వచ్చి పై స్వరాన్ని తాకి వెళ్తుంది. మనవాళ్లకి ఎవరికి వినిపించినా ‘ఇది గమకం కదా’ అంటారు.

నాకు బేస్ లేదు. పిన్నికి వీణ ఉంది.

ఫోన్ చేస్తే, “నాకు ఇంగ్లీషు పాటలు రావు తల్లీ” అంది. తెలుగు పాటేనని చెప్పాను. దసరా సెలవులకి వస్తానంది.

ఒక చిక్కు ముందే కనబడుతోంది. గిటార్ సిలో ఉంది, అంటే ఒకటో శ్రుతి. పిన్ని వీణ రెండున్నర శ్రుతి. వీణని అంత కిందికి దించితే తీగలు పలకవు. గిటార్‌కి మూడో ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే బిగింపు) పెడితే సరిగ్గా రెండున్నర అవుతుంది. లోతు కాస్త తగ్గుతుంది, పర్వాలేదు.

అక్టోబరు 5

పిన్ని వచ్చేలోపు ‘డాన్ జువాన్స్ రెక్‌లెస్ డాటర్’, ‘మింగస్’ విన్నాను. 1977, 1979. మొదటిది డబుల్ ఆల్బమ్. అందులో ‘పాప్రికా ప్లెయిన్స్’ ఒక్కటే పదహారు నిమిషాలు, పియానో, ఆర్కెస్ట్రా. దాన్ని విన్నాకే చార్లెస్ మింగస్ ఆమెకి కబురు పెట్టాడు. అప్పటికి అతనికి కండరాలు చచ్చుబడే ఏఎల్‌ఎస్ జబ్బు ముదిరింది, వేళ్లు కదలడం లేదు. 1979 జనవరిలో, 56 ఏళ్ల వయసులో చనిపోయాడు. ‘మింగస్’ ఆల్బమ్ జూన్‌లో వచ్చింది. ‘పాప్రికా ప్లెయిన్స్’ పియానో భాగాలు వేరువేరు నెలల్లో వాయించి అతికినవి, శ్రుతి కొద్దిగా మారింది. ఆర్కెస్ట్రా దానికి కలిసీ కలవకుండా ఉన్న చోటుని మింగస్ చెవి పట్టేసింది. పిన్ని కూడా పట్టేసేది, సందేహం లేదు.

‘మింగస్’ నాకు ఇంకా లొంగలేదు. జాజ్‌లో పేరున్న హెర్బీ హాంకాక్, వేన్ షార్టర్, జాకో అందరూ ఉన్నారు. ఆమె గొంతు ఆ వరసల్లో అపురూపంగా తిరుగుతుంది. కానీ నేను దాని నుంచి నా పాటకి ఏమీ తీసుకోలేకపోయాను. వేరొకరి వరసకి, అదీ చనిపోతున్న మనిషి వరసకి, మాట రాయడం అంటే ఏంటో నేను ఇంకా చేసి చూడలేదు. వదిలేస్తున్నాను.

అక్టోబరు 17

వీణ ముందు రోజే చేరింది. ఉక్కకి బిరడాలు జారిపోతున్నాయి, సుద్దపొడి రాసి బిగించాం. తెల్లవారి ఐదున్నరకి కూర్చున్నాం. రెండు ఛానెళ్లే కాబట్టి నా గొంతు, గిటార్ ముందే రికార్డు చేసి పెట్టాను. పిన్ని హెడ్‌ఫోన్ పెట్టుకుని దాని మీద వాయించాలి. జాకో కూడా తన భాగాలు తర్వాతే వచ్చి కలిపాడు.

“ఏ రాగమే ఇది?”

“ఏ రాగం అనుకోలేదు పిన్నీ.”

“అలాగైతే ఎలాగ? గాంధారం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వాడావు.”

“నా మాట ఆగినప్పుడు నువ్వు మాట్లాడు. నేను మాట్లాడేటప్పుడు ఆగు. అంతే.”

మొదటి టేకులో అన్ని సందులూ స్వరాలతో నింపేసింది. రెండోదాంట్లో భయపడి అసలు వాయించలేదు. మూడోదాంట్లో మంద్రంలో షడ్జమం ఒక్కటి మీటి, తీగని పక్కకి లాగి, రిషభం అంచు దాకా తీసుకెళ్లి, తాకకుండా వెనక్కి తెచ్చింది. ‘పారేయలేదు’ అన్న మాట తర్వాత. నా చేతులకి చెమట పట్టింది. అది నేను ఐదు నెలలుగా వెతుకుతున్న ధ్వని.

అక్టోబరు 18

నిన్న సాయంత్రం పిన్నికి రెండు రికార్డింగులు వినిపించాను. ‘బోత్ సైడ్స్ నౌ’, 1969లో ‘క్లౌడ్స్’ ఆల్బమ్‌లో గిటార్‌తో పాడింది, 2000లో విన్స్ మెండోజా ఆర్కెస్ట్రాతో పాడింది. రాసింది 1967లో, 23 ఏళ్ల వయసులో. రెండో రికార్డు వచ్చేనాటికి 56. మాటలు దాదాపు అవే. గొంతు ఎన్నో మెట్లు దిగి, పొగతో, వయసుతో గరుకుబారి, ప్రతి మాటా ఆలస్యంగా వస్తుంది. పిన్నికి ఇంగ్లీషు అర్థం కాదు. విని, “మొదట పాడింది కూతురా?” అని అడిగింది.

ఒకరేనని చెప్పి, 2022 జులైలో న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్‌లో పాడిన వీడియో పెట్టాను. 2015లో మెదడులో రక్తనాళం ఉబ్బి మాట, నడక పోయాయి. తన పాత వీడియోలు చూస్తూ వేళ్లు ఎక్కడ పెట్టేదో గమనించి మళ్లీ గిటార్ నేర్చుకుంది. 78 ఏళ్ల వయసులో వేదిక మీద ‘జస్ట్ లైక్ దిస్ ట్రెయిన్’ మాటలు లేకుండా గిటార్ మీదే వాయించింది. పిన్ని వీడియో అంతా ఆమె ఎడమ చేతి వైపే చూసింది. “ఆ చెయ్యే కదా పోలియో చెయ్యి?” అంది.

అవునన్నాను.

అక్టోబరు 19

చివరి టేకు ఇవాళ తీయాలనుకున్నాం. మొత్తం పాట, మూడు చరణాలు. రెండు మైకులు పెట్టి ఇద్దరం ఒకేసారి, క్లిక్ లేకుండా, ఎదురెదురుగా కూర్చుని.

మొదటి చరణం బాగా వచ్చింది. రెండో చరణంలో వెనక తలుపు దగ్గరికి వెళ్తాను, పెరట్లో బావి, గడియ చప్పుడు. ‘ఇదుగో నీ తాళంచెవి, అమ్మమ్మా’ అని ఆగాను. వీణ రావాలి. రాలేదు. కళ్లెత్తితే పిన్ని వీణ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది. రికార్డింగ్ నడుస్తూనే ఉంది.

“ఆ తాళంచెవి నీ దగ్గరుందా? నిజంగానా?”

బ్యాగులోంచి తీసి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇది వెనక తలుపుది కాదే. జాడీల గదిది. అమ్మ దీన్ని కొంగుకి కట్టుకునేది. ఆవకాయ తీయాలంటే ముందు కొంగు విప్పాలి. పోయిన రోజు కూడా కొంగుకే ఉంది.”

కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఏడున్నరకి స్కూలు ఆటోలు మొదలయ్యాయి, ఇక రికార్డింగ్ కుదరదు.

ఇవాళ్టి ఫైలు చెరపలేదు. రెండో చరణం మళ్లీ రాస్తున్నాను. తలుపు, బావి, గడియ పోయాయి, కొంగు ముడి వచ్చింది. పాదం ఇంకా పొడుగైంది, తాళం మళ్లీ మారుతుంది. పిన్ని ఎల్లుండి దాకా ఉంటానంది. తాళంచెవి మాత్రం తిరిగి ఇవ్వలేదు, తన కొంగున కట్టుకుంది.